జులై 10న పద్మనాభం ఎందుకు లేదు?

సంపాదకుడు గారికి నమస్కారం.

జులై 10న మీ పత్రికలో వచ్చిన ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక గురించి రాస్తున్నాను. నికోలా టెస్లా పుట్టిన రోజు (1856), సునీల్ గవాస్కర్ పుట్టిన రోజు (1949), టెల్‌స్టార్ ఉపగ్రహాన్ని ప్రయోగించిన రోజు (1962), బహమాస్‌కు స్వాతంత్ర్యం వచ్చిన రోజు (1973) అని వేశారు. మన దేశం నుంచి 1806 నాటి వెల్లూరు సిపాయిల తిరుగుబాటు వేశారు. అన్నీ సరైనవే, పిల్లలు తెలుసుకోవలసినవే. కానీ విజయనగరం ఎడిషన్‌లో ఆ తేదీ కింద పద్మనాభ యుద్ధం లేదు. 1794లో సరిగ్గా ఆ రోజునే విజయనగరం రాజు చిన విజయరామ గజపతిరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడి ప్రాణం వదిలాడు.

నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. మా బడిలో రోజూ ప్రార్థన అయ్యాక ఒక విద్యార్థి మైకు ముందుకొచ్చి పేపర్లోని ముఖ్యాంశాలు, ఆ వెంటనే మీ శీర్షిక చదువుతారు. జిల్లాలో చాలా బడుల్లో ఇదే పద్ధతి. పేజీలో ఒక మూలన వచ్చే ఆ నాలుగు లైన్లను పిల్లలంతా వరసల్లో నిలబడి వింటారు. పాఠ్యపుస్తకంలో సంవత్సరాలే ఎక్కువ, రోజు వారీగా చరిత్రను వాళ్లు వినేది అక్కడే. అందుకే ఇది చిన్న విషయమని వదిలేయలేకపోయాను.

పద్మనాభంలో ఏం జరిగిందో కొంచెం చెప్పనివ్వండి. కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ (కప్పం) ఏటికేడు భారమవుతూ వచ్చింది. బకాయిలు లక్షల్లోకి వెళ్లాయి. 1793లో కంపెనీ సైన్యం వచ్చి విజయనగరం కోటను ఆక్రమించింది. నెలకు 1,200 రూపాయల భత్యం ఇస్తాం, సంస్థానం వదిలి మచిలీపట్నం వెళ్లిపొమ్మని రాజుకు హుకుం జారీ చేసింది. తాతల నాటి నేల విడిచి, నెల జీతగాడిలా పరాయి ఊళ్లో బతకమన్నమాట. ఆయన బయలుదేరి పద్మనాభం దగ్గర ఆగాడు. మరి ముందుకు కదల్లేదు. ఆయన మనుషులు అక్కడికే వచ్చి చేరారు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ ఐదు దళాల సిపాయిలతో వచ్చి తెల్లవారుజామున దాడి చేశాడు. పోరు గంట కూడా సాగలేదు. రాజు వైపు 300 మందికి పైగా చనిపోయారు. ఆ కొద్దిసేపట్లోనే రాజు పడిపోయాడు, చుట్టూ నిలిచిన ముఖ్యుల్లో చాలామంది ఆయనతోపాటే పోయారు. చిన్నవాడైన కొడుకు నారాయణబాబుకు మక్కువ ఊరి వైపు కొండ జమీందార్లు ఆశ్రయమిచ్చారు. ఆ తర్వాతే కంపెనీ రాజీకి వచ్చి సంస్థానాన్ని ఆ పిల్లవాడికి తిరిగి ఇచ్చింది.

ఇప్పుడు వెల్లూరు పక్కన దీన్ని పెట్టి చూడండి. తేదీ ఒక్కటే, మధ్య తేడా 12 ఏళ్లు. రెండు చోట్లా ఎదుట ఉన్నది అదే మద్రాసు ప్రభుత్వం. పద్మనాభంలో కంపెనీ తరఫున తుపాకీ పేల్చింది సిపాయిలే. వెల్లూరులో కంపెనీ మీద తిరగబడిందీ సిపాయిలే. నుదుట బొట్టు, గడ్డం ఉండకూడదని, తోలు కుచ్చుతో కొత్త రకం తలపాగా పెట్టుకోవాలని ఆదేశాలిస్తే వాళ్లు భరించలేకపోయారు. ఒకే రోజు కింద ఈ రెంటినీ కలిపి చదివిన పిల్లవాడు ‘ఎందుకు సార్?’ అని అడుగుతాడు. నేను కోరుకునేది ఆ ప్రశ్ననే. టెల్‌స్టార్ పక్కన బహమాస్ చదివితే ఆ ప్రశ్న రాదు.

పద్మనాభం మన లెక్కల్లోంచి జారిపోవడానికి నాకు కనిపించే కారణం ఒకటుంది. ఊరేమో విశాఖ జిల్లాలో ఉంది, రాజేమో విజయనగరం రాజు. విశాఖ పేజీవాళ్లు ఇది విజయనగరం కథ అనుకుంటారు, విజయనగరం పేజీవాళ్లు ఊరు మన జిల్లాది కాదనుకుంటారు. కార్తీక అమావాస్యకు అనంత పద్మనాభస్వామి కొండ మెట్లకు దీపాలు పెట్టే ఉత్సవానికి రెండు జిల్లాల జనం వస్తారు, అన్ని పేపర్లూ ఫొటోలు వేస్తాయి. యుద్ధం జరిగిందీ ఆ కొండ దగ్గరే. జులైలో మాత్రం ఆ ఊరి పేరు కనిపించదు. బొబ్బిలికి ఈ ఇబ్బంది లేదు. 1757 జనవరి 24ను బుర్రకథలు ఊరూరా మోసుకెళ్లాయి. అప్పుడు ఫ్రెంచి బుస్సీ వెంట వచ్చి బొబ్బిలి కోటను ముట్టడించింది విజయనగరం రాజు పెద విజయరామరాజు. 37 ఏళ్ల తర్వాత అదే పూసపాటి వంశం రాజు ఇంకో తెల్ల కంపెనీ చేతిలో చనిపోయాడు. మొదటిది మాత్రమే చెప్పి రెండోది వదిలేస్తే విజయనగరం కథ సగమే చెప్పినట్టు.

జిల్లాల సరిహద్దులు మారినప్పుడల్లా ఇలాంటివి ఇంకా జారిపోతున్నాయి. అక్టోబర్ 31 అంటే సర్దార్ పటేల్ జయంతి, 1984లో ఇందిరా గాంధీ హత్య. అవి తప్పక ఉండాలి. 1967లో అదే రోజు మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనులను దారిలో లేవిడి దగ్గర అడ్డగించి, కోరన్న, మంగన్న అనే ఇద్దరిని కాల్చి చంపారు. శ్రీకాకుళం సాయుధ పోరాటానికి నిప్పు రాజుకున్నది అక్కడే. ఆ పోరాట మార్గం గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండవచ్చు, ఇద్దరు మనుషులు చనిపోయిన సంగతి మాత్రం నిజం. అప్పుడు ఆ ప్రాంతం శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. మరి ఆ రోజును ఏ ఎడిషన్ గుర్తుపెట్టుకోవాలి?

ఏప్రిల్ 1న ‘1936లో ఒడిశా ఏర్పాటు’ అని వేస్తారు. ఆ ఏర్పాటులోనే పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లింది. గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, సవర భాషకు నిఘంటువు తయారు చేసిన ఊరది. ఆ విభజన జరిగినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. శ్రీకాకుళం పేజీలో ఆ ఒక్క వాక్యం చేరిస్తే ఏప్రిల్ 1కి మనకూ సంబంధం ఉందని తెలుస్తుంది.

అక్టోబర్ 12 సంగతీ అంతే. 1492లో కొలంబస్ అమెరికా ఒడ్డు చేరిన రోజని ప్రతి ఏడాదీ చదువుతున్నాం. హుద్‌హుద్ తుపాను 2014లో తీరం దాటింది ఆ తేదీనే. దానికి ముందు రోజు తేదీన, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చింది. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటి కాపుకొచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో ఆ ఊళ్లవాళ్లను అడగండి. ఇప్పుడు బడికొచ్చే చిన్న తరగతుల పిల్లలకు ఆ రాత్రి గుర్తుండదు, వాళ్ల తోటల్లో పెద్ద చెట్లు ఎందుకు లేవో కూడా తెలియదు.

నా విన్నపం పెద్దదేమీ కాదు. రాష్ట్రమంతటికీ ఒకేలా వచ్చే శీర్షికను అలాగే ఉంచండి. ఉత్తరాంధ్ర ఎడిషన్లలో దాని కింద మన ప్రాంతానిది ఒక్క సంఘటన చేర్చండి. తేదీ, ఊరు, ఎందుకు జరిగింది అన్న ఒక వాక్యం ఉంటే చాలు. రోజూ దొరకదు, దొరికిన రోజే వేయండి. వేసే ముందు తేదీని ఒకటికి రెండు చోట్ల సరిచూడండి. మన గురజాడ పుట్టిన తేదీయే కొన్ని చోట్ల 1862 సెప్టెంబర్ 21 అని, ఇంకొన్ని చోట్ల 1861 నవంబర్ 30 అని కనిపిస్తుంది. అలాంటప్పుడు రెండూ వేసి, తేడా ఉందని చెప్పండి. పిల్లలకు అదీ పాఠమే. పాత గెజిటీర్లు, జిల్లా మాన్యువళ్లు చూసిపెట్టడానికి కాలేజీల్లో చరిత్ర చెప్పేవాళ్లు, నాలాంటి బడిపంతుళ్లు ఎంతోమంది ఉన్నారు. మీరు అడిగితే డబ్బులు ఆశించకుండా జాబితా తయారు చేసి ఇస్తాం.

వచ్చే నెల ఆగస్టు 15. ఆ రోజు స్వాతంత్ర్య దినం తర్వాత, 1950లో అదే తేదీన శ్రీకాకుళం జిల్లా ఏర్పడిందన్న ఒక్క లైను వేయగలరా? ఆ రోజు జెండా వందనానికి పిల్లలంతా బడికి వస్తారు. మైకులో చదివిస్తాం.

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
విజయనగరం