చుక్క కాస్త పైకి జరగాలి

సంపాదకుల వారికి,

ఫుట్‌బాల్ మ్యాచ్‌రోజు సందడిని గీసినవారిలో ఆంగ్ల చిత్రకారుడు ఎల్.ఎస్. లౌరీని మరవలేం. ఇంగ్లండ్‌లో బోల్టన్‌లోని బర్న్‌డెన్ పార్కుకు పోటెత్తిన జనాన్ని 1953లో చిత్రించారు. ఆ మైదానం ఇప్పుడు లేదు, బొమ్మ మిగిలింది. ఆయన వాడినవి ఐదే రంగులు: నలుపు, తెలుపు, ఎరుపు, ప్రష్యన్ నీలం, పసుపుమట్టి. ఆకుపచ్చ ట్యూబే లేదు!

ఫుట్‌బాల్ మైదానం గీసే కొత్తవాళ్లు తడబడేది మధ్యవృత్తం దగ్గర. 9.15 మీటర్ల వ్యాసార్ధం గల ఆ వృత్తం స్టాండ్ నుంచి దీర్ఘవృత్తంలా కనిపిస్తుంది. ఆట మొదలుపెట్టే కిక్కాఫ్ చుక్కను దాని నట్టనడుమ పెడితే మైదానం గోడలా నిలబడుతుంది. అవతలి సగం కుదించుకుపోతుంది కనుక చుక్క కాస్త పైకి జరగాలి. గోల్‌పోస్టుల ముందు గడ్డి అరిగి మట్టి తేలుతుంది. అక్కడా నున్నటి పచ్చ పూస్తే ఆట జరిగిన జాడే ఉండదు. ఎదుటి స్టాండ్‌లో ముఖాలు వద్దు, రంగు చుక్కలు చాలు.

– ఒక చిత్రలేఖన ఉపాధ్యాయుడు