ప్లేట్‌లెట్ల మాట ఏదీ?

సంపాదకులకు,

గర్భిణుల రక్తపోటుపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బీపీ గురించి అన్నీ చెప్పారు. రక్తం గడ్డకట్టే తీరు మారడం గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు.

మామూలు గర్భంలోనే రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ఒంట్లో జరిగే ఏర్పాటది. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి ప్రీఎక్లాంప్సియా (గర్భిణుల్లో బీపీ పెరిగి అవయవాలు దెబ్బతినే జబ్బు) వస్తే ఈ ఏర్పాటే అదుపు తప్పవచ్చు. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, రక్తాన్ని గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్లు అక్కడ అతుక్కుని ఖర్చైపోతాయి. సన్నటి నాళాల్లో గడ్డలు ఒకపక్క, రక్తస్రావం భయం మరోపక్క! ప్లేట్‌లెట్లు లక్షలోపు పడితే జబ్బు తీవ్రమైనట్టే. ఎర్రకణాలు చితికి, లివర్ ఎంజైములూ పెరిగితే అది హెల్ప్ (HELLP) సిండ్రోమ్ అనే ప్రమాదకర స్థితి. దాని లక్షణమైన కుడివైపు పైకడుపు నొప్పిని గ్యాస్ అనుకుని ఊరుకుంటే ప్రమాదం.

ల్యాబ్ రిపోర్టులతో ఇంకో చిక్కుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మామూలు మనిషికి ఫర్వాలేదు. నెలలు నిండిన గర్భిణికి సాధారణంగా దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది కాబట్టి ఆమెకు 200 తక్కువే. రిపోర్టులో మామూలు వాళ్ల కొలతలే అచ్చవుతుంటాయి, అదేం పద్ధతో!

వెన్నులో మత్తు సూది వేసేముందు డాక్టర్లు ప్లేట్‌లెట్లు చూసేది, అక్కడ రక్తం చేరి నరాలను నొక్కుతుందన్న భయంతోనే. కాన్పయ్యాక కూడా తొలి రెండు రోజుల్లో ఆ సంఖ్య మరింత తగ్గవచ్చు. బాలింతకు కాళ్లలో గడ్డల ముప్పు వారాల తరబడి ఉంటుంది.

వచ్చే వ్యాసంలో వీటికీ చోటివ్వండి.

— ఒక పాఠకురాలు