ఫ్లాటు కొనేముందు గజాలు లెక్కపెట్టండి

సంపాదకులకు,

విజయనగరంలో ఫ్లాటు చూడ్డానికి వెళ్లినవాళ్లు టైల్స్, వంటగది చూసి ముచ్చటపడతారు. నేలలో వాటా ఎన్ని గజాలని అడిగేవాళ్లు తక్కువ. 600 గజాల్లో ఒకే కొలతతో 15 ఫ్లాట్లుంటే ఒక్కోదానికి 40 గజాలు రావాలి. సేల్ డీడ్ ముసాయిదాలో 30 అని ఉంటే మిగతా పది ఎవరి పేరున ఉన్నాయో తేల్చుకోవాలి. రేపు భవనం పడగొడితే మిగిలేది ఆ గజాలే కదా!

బ్రోచర్‌లోని 1,200 అడుగుల్లో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటాలూ కలిపేస్తారు. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే నేల, వేరుగా రాయించుకోండి. అందులో లోపలి అడ్డుగోడలు వస్తాయి. బాల్కనీ, బయటి గోడలు రావు. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఓపెన్ పార్కింగ్ ఉమ్మడి స్థలం, విడిగా అమ్మేది కాదు.

చేరాక అసలు తగువులు నీళ్లతోనే. పైవాళ్ల బాత్రూమ్‌లో నీళ్లు పోయే నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటు వదిలితే కిందివాళ్ల సీలింగ్ చెమ్మగిల్లుతుంది. పైనుంచి టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయాలి; కింద పుట్టీ, రంగు ఎన్నిసార్లు వేసినా దండగే. ఖర్చు ఎవరిదో అసోసియేషన్ బైలాలో ముందే రాసుకోవాలి. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు చూసిన జిల్లాలు మనవి. నెలవారీ మెయింటెనెన్స్ వాచ్‌మన్ జీతానికి, కరెంటు బిల్లుకే సరిపోతుంది. బయటి గోడల పగుళ్లకు, లిఫ్టు మోటారుకు కార్పస్ ఫండ్, అంటే పెద్ద ఖర్చులకని దాచే నిధి, విడిగా ఉండాలి.

– ఒక పాఠకుడు, విజయనగరం