పని చేసిచ్చాం, జీఎస్టీ కట్టాం, డబ్బు కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం

సంపాదకుల వారికి నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో మాదొక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. నేను కాక నలుగురు పనివాళ్ళు. చిన్న పరిశ్రమలకు లోన్లు, సబ్సిడీలు అంటూ మీ పేపర్లో తరచూ వార్తలు వస్తుంటాయి, మంచిదే. కానీ మాలాంటి వాళ్ళకి రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని టెన్షన్ మాత్రం చేసిన పనికి రావాల్సిన బాకీ గురించే, దాని మీద ఎవరూ పెద్దగా రాయడం లేదు.

నా సంగతే చెప్తాను. ఒక కంపెనీ గోడౌన్‌కి ఇనుప ర్యాకులు చేసిచ్చాను. ఆర్డరంతా వాట్సాప్‌లోనే, చేత్తో గీసిన కొలతల కాగితం ఫొటో తీసి పంపి అర్జెంటు అన్నారు. ర్యాకులకు 3,20,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 57,600. పార్టీ డబ్బిచ్చినా ఇవ్వకపోయినా బిల్లు వేశాక తర్వాతి నెల 20కల్లా జీఎస్టీ కట్టాల్సిందే కదా, ఇనుము మీద ముందే కట్టింది పోను మిగతాది చీటీ పాడి కట్టాను. ఆ తర్వాత మొదలైంది తిరుగుడు. మేనేజర్ గారు మీటింగ్‌లో ఉన్నారు, అకౌంటెంట్ సెలవులో ఉన్నాడు, సోమవారం రండి. ఐదు నెలల తర్వాత లక్షకి ఒక చెక్కు ఇచ్చారు, అదీ బౌన్సయింది. అడిగితే, వచ్చే నెల మళ్ళీ వెయ్యండి, ఈసారి పాసవుతుంది అన్నారు. నమ్మి ఆగాను. ఆగకూడదని నాకు తెలియదు. బ్యాంకు నుంచి బౌన్స్ మెమో అందిన 30 రోజుల్లోపు లాయర్ నోటీసు పంపాలి, నోటీసు అందాక వాళ్ళకి 15 రోజులు గడువు, అప్పటికీ ఇవ్వకపోతే నెల రోజుల్లో కోర్టులో కేసు వెయ్యాలి. నేను చూస్తూ ఉండగానే 30 రోజులూ అయిపోయాయి, చెక్కుకున్న మూడు నెలల గడువూ అయిపోయింది. ఆ చెక్కు ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

ఏడో నెలలో కొత్త మాట ఎత్తారు, రెండు ర్యాకులు వంగాయట, అందుకే పేమెంట్ ఆపారట! ఇదే 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం అయితే, సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే తీసుకున్నట్టే లెక్క. రాత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా సరే 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే ఏడాదికి 18 శాతం లెక్కన నెలనెలా అసల్లో కలుస్తూ పోతుందన్నమాట. ఇంత గట్టి చట్టం మన చేతిలో ఉంది, కానీ నేను వాడుకోలేకపోయాను, ఎందుకంటే అప్పటికి నాకు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు, లేదు. సరుకు ఇచ్చాక చేయించుకున్న రిజిస్ట్రేషన్ పాత బిల్లులకు పనికిరాదని సుప్రీంకోర్టు 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో చెప్పిందని మా లాయర్ గారు వివరించారు. 2025 జనవరిలో ఈ ప్రశ్నను ముగ్గురు జడ్జీల బెంచికి పంపారు కూడా, కానీ దాన్ని నమ్ముకుని ఎవరూ కూర్చోవద్దు. ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. దానికీ వేలకు వేలు అడిగే ఏజెంట్లు ఉన్నారు, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అయితే కొని అమ్ముకునే షాపుల వాళ్ళకి ఉద్యం ఉన్నా ఈ వడ్డీ హక్కు రాదు, వాళ్ళకి అది బ్యాంకు లోన్ల వరకే పనికొస్తుంది. ఇది అన్యాయమని నా అభిప్రాయం.

ఇప్పుడు మా షాపులో పద్ధతి మార్చాం. పీవో, అంటే రాతపూర్వక ఆర్డర్, లేకుండా కట్టర్ ఆన్ చెయ్యం. డెలివరీ చలాన్ మీద తేదీ, కంపెనీ స్టాంపు, సంతకం పడేదాకా మా కుర్రాడు బండి దగ్గర్నుంచి కదలడు. బిల్లు మీద ఉద్యం నంబర్ వేస్తున్నాం. ఈ మధ్య కొన్ని పార్టీల ఆడిటర్లే ఫోన్ చేసి ఆ నంబర్ అడుగుతున్నారు, ఎందుకంటే 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోపు డబ్బు కట్టకపోతే ఆ ఖర్చును నిజంగా డబ్బు కట్టిన ఏడాదిలోనే ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో చూపించుకోవాలి. ఉద్యం ఉంటే ఆర్డర్ ఇవ్వం అన్న పార్టీ కూడా ఒకటి తగిలింది, వదులుకున్నాను. బాధే అనిపించింది, కానీ మళ్ళీ ఏడు నెలలు తిరిగే ఓపిక నాకు లేదు.

అధికారులను ఒకటే అడుగుతున్నాను. బాకీల ఫిర్యాదును, ఇలాంటి తగవుల కోసమే రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, 90 రోజులు దాటినవి ఎన్నో జిల్లాలవారీగా ప్రతి నెలా పేపర్లో వేయించండి. ఆన్‌లైన్‌లో ఆ ఫిర్యాదు ఎలా పెట్టాలో, ఏ కాగితాలు జత చెయ్యాలో తెలుగులో ఒక్క పేజీ అచ్చు వేసి పంచండి. జిల్లా పరిశ్రమల కేంద్రం నుంచి వారానికో రోజు ఒక మనిషి ఆటోనగర్‌కి వచ్చి కూర్చుంటే చాలు, కుర్చీ, టేబుల్, ఫ్యాను మేమే ఏర్పాటు చేస్తాం.

ఇట్లు,
ఒక ఫ్యాబ్రికేషన్ షాపు యజమాని,
ఆటోనగర్, విజయవాడ