ఐడీవీ తగ్గించి ప్రీమియం తగ్గించామంటే ఎలా?

సంపాదకులకు,

కారు ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ రేటు, అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టే ప్రీమియం, కేంద్రమే ఖరారు చేస్తుంది, 2022 జూన్‌లో 1000 నుంచి 1500 సీసీ కార్లకు ఏడాదికి 3,416 రూపాయలని పెట్టారు, ఏ కంపెనీ అయినా అంతే. తేడా అంతా ఓన్ డ్యామేజీలోనే, అంటే మన కారుకే జరిగే నష్టానికి కట్టే భాగంలోనే. అక్కడే కొందరు ఏజెంట్లు పాలసీలో రాసే కారు విలువని, అదే ఐడీవీని (కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం), మాటమాత్రం చెప్పకుండా కోసేసి ప్రీమియం తగ్గించామంటున్నారు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా బావగారి కారు మునిగి పూర్తిగా పాడైతే గానీ విలువ ఎంత తక్కువ వేశారో తెలియలేదు, చాలా అన్యాయం ఇది. నో క్లెయిమ్ బోనస్ సంగతీ అంతే, వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది, అది కారుది కాదు, ఓనరుది, గడువు ముగిశాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే పోతుంది, ఇదైనా ఎంతమంది చెబుతున్నారు? ఐడీవీ అంకె పక్కన కస్టమర్ సంతకం తప్పనిసరి చేయాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ