ఎయిర్ ఫ్రయర్ కొనే ముందు వారం రోజుల వంట లెక్క

సంపాదకులకు,

అయ్యా,

పండగలు దగ్గర పడితే చాలు, పత్రికల నిండా ఎయిర్ ఫ్రయర్ ప్రకటనలే. బుట్ట నిండా బంగాళాదుంప ముక్కల బొమ్మ, పక్కనే "నూనె లేని వంట" అన్న మాట. విజయవాడ బీసెంట్ రోడ్డులోనో ఏలూరు రోడ్డులోనో దుకాణంలోకి వెళ్తే "ఎన్ని లీటర్లది చూపించమంటారు?" అని అడుగుతారే గానీ, మీ ఇంట్లో వారానికి ఎన్ని వేపుళ్లు చేస్తారని అడగరు. ఆ యంత్రం మన కుటుంబానికి అక్కరకొస్తుందా, ఆర్నెల్లకు అటక ఎక్కుతుందా అన్నది తేల్చేది ఆ రెండో ప్రశ్నే. దాని గురించే ఈ ఉత్తరం.

పేరులో ఫ్రయర్ అని ఉన్నా అది నిజానికి చిన్న ఓవెన్. పైన కాయిల్, ఆ పైన ఫ్యాను. కాయిల్ వేడిని ఫ్యాను గట్టిగా తిప్పి, చిల్లుల పళ్లెం మీదున్న ముక్కల చుట్టూ తోలుతుంది. ముక్క పైనున్న తడి ఆరిపోయి కరకర వస్తుంది. నూనె మూకుడులో జరిగేది వేరు. కాగిన నూనె తగిలిన క్షణంలోనే పిండి పై పొర గట్టిపడుతుంది. గాలి అంత త్వరగా వేడిని అందించలేదు. జారుపిండి బిగుసుకునే లోపే చిల్లుల్లోంచి కిందికి కారిపోతుంది. అందుకే మిరపకాయ బజ్జీ, పునుగులు, ఉల్లి పకోడీ, గారె, బూరె దీనిలో రావు. పూరీ పొంగదు, ఎండి అట్టలా అవుతుంది. జంతికలు పాలిపోయినట్టుండి, కొరికితే పన్ను నొప్పి పుట్టేంత గట్టిగా వస్తాయి. పిండివంటల కోసమే కొనాలనుకునేవాళ్లు ఆ డబ్బు దాచుకోవడం మేలు. బండి దగ్గర తెచ్చిన పునుగులు చల్లారి మెత్తబడితే మాత్రం 160 డిగ్రీల్లో నాలుగు నిమిషాలు పెట్టండి, మళ్లీ కరకరలాడతాయి.

ఇది బాగా చేసేది మన రోజువారీ వేపుళ్లు. ఈ సంగతి ప్రకటనల్లో ఎక్కడా కనపడదు.

బెండకాయ తీసుకోండి. అరకిలో కాయల్ని కడిగి, బట్టతో పూర్తిగా తుడిచి, అర అంగుళం ముక్కలు కోసి, రెండు చెంచాల నూనె చేత్తో పట్టించాలి. 180 డిగ్రీల్లో 14 నిమిషాలు. ఐదు నిమిషాలకోసారి బుట్ట బయటికి లాగి కుదపాలి. ఉప్పు ముందే వేస్తే నీరూరి జిగురు వస్తుంది, అందుకని దించాకే వేయాలి. వేరుశనగపప్పు, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు తాలింపు పొయ్యి మీద ఒక చెంచా నూనెలో పెట్టుకుని, కారంతోపాటు చివర్లో కలపాలి. ఆవాలు ఈ యంత్రంలో చిటపటలాడవు. కరివేపాకు గాలికి ఎగిరి కాయిల్‌కు అంటుకుని మాడుతుంది. కాబట్టి తాలింపు గరిటెను పక్కన పెట్టేయొచ్చని ఎవరూ అనుకోవద్దు.

దొండకాయ గట్టిది. నిలువుగా నాలుగు చీలికలు చేసి, ఐదు నిమిషాలు ఆవిరి మీద మగ్గించాక పెడితే 180లో 16 నిమిషాలకు వేగుతుంది. పచ్చిగానే పెడితే అంచులు నల్లబడతాయి, లోపల పచ్చిగానే ఉంటుంది. చామదుంపలు ముందే ఉడికించి తొక్క తీసి, బియ్యప్పిండి ఒక చెంచా, నూనె రెండు చెంచాలు పట్టించి 190లో 16 నిమిషాలు. అరటికాయ ముక్కల్ని పసుపు నీళ్లలో మూడొంతులు ఉడికించి, వార్చి, ఆరాక పెట్టాలి. కాకరకాయ పల్చటి చక్రాలకు ఉప్పు రాసి అరగంట ఉంచి గట్టిగా పిండి, 170 దాటకుండా 18 నిమిషాలు. అంతకంటే వేడి పెడితే చేదు మీద మాడు వాసన చేరుతుంది. బంగాళాదుంప ముక్కల్ని అరగంట నీళ్లలో నానబెట్టి తుడిచి పెట్టండి, బంగారు రంగు రాగానే తీసేయండి. పిండి పదార్థం ఎక్కువున్న దుంపలు ముదురు గోధుమ రంగుకు తిరిగేదాకా వేగితే ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం పెరుగుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో చేసినంత మాత్రాన ఆ బెడద పోదు.

నూనె మాట నిజమయ్యేది అన్నిటికన్నా వంకాయ దగ్గర. వంకాయ కండ నిండా గాలి గదులు. మూకుడులో వేస్తే స్పాంజిలా నూనె పీల్చుకుంటుంది. గుత్తి వంకాయకు కాయలు మగ్గించడానికే నాలుగు పెద్ద చెంచాల నూనె పోసేవాళ్లున్నారు. నాలుగు పక్షాలుగా చీల్చిన పావుకిలో కాయలకు ఒక చెంచా నూనె రాసి 180లో 10 నిమిషాలు మగ్గించి, తర్వాత మసాలా కూరి పొయ్యి మీద పూర్తి చేస్తే రుచిలో తేడా తెలియదు. పచ్చడికి పెద్ద వంకాయ కాల్చాలంటే 200లో 25 నిమిషాలు పడుతుంది. ముందుగా ఫోర్కుతో గాట్లు పెట్టకపోతే పగిలి లోపలంతా చిమ్ముతుంది. నిప్పుల మీదో మంట మీదో కాల్చినప్పుడు వచ్చే ఆ పొగ వాసన మాత్రం రాదు.

మాంసాహారుల ఇళ్లలో దీని ఉపయోగం ఇంకొంచెం ఎక్కువ. ఎముకతో ఉన్న కోడి ముక్కలు అరకిలోకు రెండు పెద్ద చెంచాల పెరుగు, అల్లంవెల్లుల్లి, ఒక చెంచా మొక్కజొన్న పిండి, ఒక పెద్ద చెంచా నూనె పట్టించి గంట నాననివ్వాలి. 180లో 20 నిమిషాలు, పదో నిమిషంలో ముక్కలు తిప్పాలి. ఎముక పక్కన చాకుతో గుచ్చితే ఎర్రటి రసం రాకూడదు. మాంసంలో గుచ్చే థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీలు చూపించాలి. చేప ముక్కలు, శీలావతి గానీ కొరమేను గానీ, అంగుళం మందానివి 180లో 13 నిమిషాలు. పళ్లెం వేడెక్కాక నూనె రాసి ముక్క పెడితే అంటుకోదు. మన గుంటూరు కారంతో ఒక జాగ్రత్త అవసరం: పొడి కారం పైపైన చల్లి 200లో పెడితే రెండు నిమిషాల్లో నల్లబడి ఇల్లంతా దగ్గు పట్టిస్తుంది. కారాన్ని పెరుగులోనో నూనెలోనో కలిపి పట్టించాలి, లేదా దించే రెండు నిమిషాల ముందు వేయాలి.

ఇక డబ్బు లెక్క. అరకిలో కూరగాయ వేపుడుకు మూకుడులో నాలుగు పెద్ద చెంచాలు, అంటే 60 మిల్లీలీటర్ల నూనె పోస్తారనుకుందాం. దీనిలో తాలింపుతో కలిపి మూడు చిన్న చెంచాలు, అంటే 15 మిల్లీలీటర్లు సరిపోతుంది. వారానికి మూడు వేపుళ్లు చేసే ఇంట్లో నెలకు అర లీటరుకు కాస్త పైన మిగులుతుంది. లీటరు 150 రూపాయలనుకుంటే 80 రూపాయలు. ఆరు వేల యంత్రం నూనె ఆదాతో తిరిగి రావాలంటే ఆరేళ్లు పైనే. కనుక డబ్బు మిగులుతుందని కొనడం తప్పు లెక్క. మనిషి ఒంట్లోకి వెళ్లే నూనె తగ్గడం వేరే లాభం, దాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే మూత పెట్టి, నీళ్లు చిలకరించి మగ్గించి, చివర్లో ఒక పెద్ద చెంచా నూనెతో ఇనుప మూకుడులో వేయించినా చాలావరకు అదే ఫలితం వస్తుంది. తేడా ఏమిటంటే మూకుడు దగ్గర మనిషి నిలబడాలి.

నా దృష్టిలో అసలు లాభం అదే. పొద్దున ఏడింటికి బాక్సులు సర్దాల్సిన ఇంట్లో ఒక పొయ్యి మీద అన్నం, రెండో దాని మీద పప్పు ఉంటే వేపుడుకు చోటుండదు. అది పక్కన దానంతటదే వేగుతుంటే ఒక చెయ్యి మిగులుతుంది. మే నెలలో బెజవాడ వంటింట్లో 20 నిమిషాలు మూకుడు ముందు నిలబడి కలపడమంటే ఏమిటో కలిపేవాళ్లకే తెలుసు. ఆ నిలబడటం తప్పించడానికి ఆరు వేలు ఖర్చు పెడితే అది దండగ ఖర్చు కాదు.

సైజు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. లీటర్లు సొరుగు లోతును కూడా కలిపి చెప్పే లెక్క. ముక్కలు పరుచుకునేది మాత్రం అడుగున ఒక్క వరుసే. ఒకదాని మీద ఒకటి పోస్తే గాలి చొరబడదు, ముక్కల్లోని తడి ఆవిరై అక్కడే తిరుగుతుంది, వేపుడు కాస్తా ఉడుకు కూర అవుతుంది. "మా మెషీన్‌లో కరకర రావట్లేదు" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి కారణం ఇదే. దుకాణంలో స్కేలు పెట్టి బుట్ట అడుగు కొలవండి. ఇరవై రెండు సెంటీమీటర్ల చదరం ఉంటే నలుగురికి సరిపడా అరకిలో బెండకాయ ఒక వాయిలో అవుతుంది. పద్దెనిమిది ఉంటే రెండు వాయిలు, అంటే అరగంట. ఆరేడుగురున్న ఇంటికి మామూలు బుట్ట చాలదు. అలాంటి వాళ్లకు దాదాపు 30 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన పెట్టె), వెడల్పాటి ట్రేతో, మేలు. అది వేడెక్కడానికి పది నిమిషాలు ఎక్కువ తీసుకున్నా కిలో కోడి ఒకేసారి అవుతుంది.

కరెంటు సంగతి దుకాణాల్లో అసలు చెప్పరు. 1500 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మిక్సీ పెట్టే చిన్న సాకెట్ ఆరు ఆంపియర్లది. దానికి కన్వర్టర్ ప్లగ్ తగిలించి అరగంట నడిపితే ప్లగ్ వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది. ఫ్రిజ్ కూడా అదే లైను మీద ఉంటే ఇంకా ప్రమాదం. చాలా పాత అపార్ట్‌మెంట్లలో వంటింటికి 16 ఆంపియర్ల పాయింటు ఉండదు. ముందు ఎలక్ట్రీషియన్‌తో విడిగా వైరు లాగించి, ఎర్త్ సరిచూసుకుని, ఆ తర్వాతే యంత్రం తేవాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఎంతమాత్రం వద్దు. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ 200కు పడితే 1500 వాట్ల కాయిల్ 1130 వాట్ల వేడే ఇస్తుంది. అప్పుడు 14 నిమిషాల బెండకాయకు ఇంకాస్త సేపు పట్టొచ్చు. అది యంత్రం లోపం కాదు. బిల్లు విషయానికొస్తే, 20 నిమిషాలకు అర యూనిట్ లోపే. రోజూ వాడినా నెలకు 15 యూనిట్లకు అటూఇటూ. అయితే ఏసీ నడిచే నెలల్లో ఆ 15 యూనిట్లు మీ ఇంటి పై శ్లాబు ధరకు పడతాయి. పాత బిల్లు తీసి ఆ ధరతో గుణించుకోండి.

వెనక వేడిగాలి బయటికి పోయే రంధ్రానికి, గోడకు మధ్య నాలుగంగుళాల ఖాళీ ఉండాలి. పొయ్యి పక్కన, చెక్క అల్మరా కింద పెట్టకూడదు. మొదటిసారి ఖాళీగా 15 నిమిషాలు నడిపి ఫ్యాక్టరీ వాసన పోనివ్వాలి. బటర్ పేపర్ మీద బరువు లేకుండా వేడి చేస్తే ఎగిరి కాయిల్‌కు తగిలి నిప్పంటుకోవచ్చు. అప్పడాలదీ అదే తీరు, పైన చిన్న స్టీలు జాలీ పెట్టాలి. మాంసంలోని కొవ్వు కింద కారి పొగ వస్తే చిల్లుల పళ్లెం కింద రెండు చెంచాల నీళ్లు పోస్తే ఆగుతుంది. స్టీలు పీచు తగిలితే నాన్‌స్టిక్ పూత పోతుంది, పూత పోయిన బుట్టలో ప్రతి ముక్కా అంటుకుంటుంది. కాబట్టి కొనేటప్పుడే బుట్ట విడిగా దొరుకుతుందా, ఎంతవుతుందో అడగండి. నెలకోసారి ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, తలకిందులు చేసి కాయిల్ దగ్గర పట్టిన జిడ్డును తడిబట్టతో తుడవాలి. ఆ జిడ్డు వదిలేస్తే ప్రతి వంటకూ పాత చేప వాసన తగులుతుంది.

కొనాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఒక వారం క్యాలెండర్ మీద మీ వంటలు రాసుకోండి. పప్పు, పులుసు, చారు, ఇగురు, పచ్చడి పక్కన పెట్టండి. వాటికి ఇది అక్కర్లేదు. పొడి వేపుడు, వేయించిన కోడి, చేప, వంకాయ మగ్గించడం కలిపి మూడుకు తగ్గితే కొనవద్దు. నాలుగో ఐదో ఉండి, ఇంట్లో నలుగురికి మించకపోతే, పొద్దున వంట చేసే మనిషి ఒక్కరే అయితే, నిశ్చింతగా కొనండి.

మీ పత్రికకు రెండు విన్నపాలు. ఎయిర్ ఫ్రయర్ ప్రకటనలు వేసేటప్పుడు బుట్ట అడుగు పొడవు వెడల్పులు, వాట్లు, ఏ సాకెట్ కావాలన్నది కంపెనీలు ఇచ్చేలా అడగండి. మీ వంటల పేజీలో ఈ యంత్రానికి వంటకం రాసినప్పుడల్లా "180 డిగ్రీల్లో 15 నిమిషాలు" అని వదిలేయకుండా ఎన్ని గ్రాములకు, ముక్క ఎంత మందానికి, ఎంత పెద్ద బుట్టలో అన్నది కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పటమట, విజయవాడ