చెవుడొచ్చింది ఇయర్‌ఫోన్‌కి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఫోన్‌లోనే వినికిడి పరీక్ష చేసుకోవచ్చంటూ మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. యాప్ వేసుకోండి, ఐదు నిమిషాల్లో మీ చెవుల సంగతి తేలిపోతుంది అన్నట్టు రాశారు. రెండేళ్లుగా ఆ పని చేస్తున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఐదు నిమిషాల్లో తేలేది పెద్దగా ఏమీ లేదండీ. యాప్ మంచిదే, నేను మానను కూడా, కానీ దాన్ని ఎలా వాడాలో మీరు ఒక్క ముక్క రాయలేదు.

నా సంగతి వినండి. మొదట్లో నాకూ శ్రద్ధేమీ లేదు. రాత్రి మంచం మీద ఒరిగి, చేతికి దొరికిన ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కూత వినపడినప్పుడల్లా స్క్రీన్ నొక్కడం, చివర్లో వచ్చిన గ్రాఫ్ చూసి సరేలే అనుకుని పడుకోవడం. నాలుగైదు నెలలు అలా గడిచాక ఒక రాత్రి ఎడమ చెవి గీత అమాంతం కిందకి దిగింది. కుడిది ఎప్పట్లాగే 20 డెసిబెల్స్ దగ్గరుంటే ఎడమది 40 దాటిపోయింది (ఈ గ్రాఫ్‌లో అంకె పెరిగిందంటే వినికిడి తగ్గినట్టు). గుండె ఝల్లుమంది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఆ టెన్షన్‌లో నిద్ర ఎక్కడ పడుతుంది, పన్నెండింటికి లేచి కూర్చుని, ఏదో తోచి, ఎడమ చెవిలోది కుడి చెవిలో, కుడిది ఎడమలో పెట్టుకుని ఇంకోసారి చేశాను. గ్రాఫ్‌లో దిగింది మళ్లీ ఎడమ గీతే, కానీ ఆ ఇయర్‌ఫోన్ ఇప్పుడున్నది నా కుడి చెవిలో. అంటే ఈసారి చెవుడు కుడి చెవికి వచ్చింది, ఎడమది నిక్షేపంగా ఉంది! లైటేసి ఆ ఇయర్‌ఫోన్ రబ్బరు తొడుగు పీకి చూస్తే లోపలి సన్నటి జాలీ నిండా గుబిలి గడ్డకట్టి ఉంది. పొడి టూత్‌బ్రష్‌తో నాలుగుసార్లు రుద్దితే నా చెవుడు వదిలింది.

నవ్వుకోండి, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. కానీ ఆ రాత్రి నాకో సంగతి అర్థమైంది. ఫోన్‌లో ఎంత తేడా ఉందో, ఇయర్‌ఫోన్‌లో ఎంతో, గదిలో చప్పుడు ఎంతో యాప్‌కి తెలియదు, అంతా కలిపి చెవి ఖాతాలో రాసేస్తుంది. ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణుల దగ్గరైతే బయటి చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, లెక్క సరిచూసిన మిషన్ మీద 250 హెర్ట్జ్ బొంగురు కూత నుంచి 8000 హెర్ట్జ్ సన్నటి కూత దాకా ఒక్కోటీ వినిపిస్తారు. అక్కడ 20 అంటే 20. యాపిల్ కంపెనీ 2024లో తన వినికిడి పరీక్ష తెచ్చినప్పుడు ఏ ఇయర్‌ఫోన్‌తో పడితే దానితో చేసుకోనివ్వలేదు, తన ఎయిర్‌పాడ్స్ ప్రో 2 ఇయర్‌ఫోన్లతోనే చేయాలంది, కారణం ఇదే. ఇక గది సంగతంటారా, సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే 250, 500 దగ్గర బొంగురు కూతలు ఆ హోరులో కలిసిపోతాయి, మనకేమో ఆ కూతలు వినపడటం లేదని గ్రాఫ్‌లో పడుతుంది. ఫ్యాన్ ఆపి చేసి చూడండి, తేడా మీకే కనపడుతుంది.

మరి ఎందుకు వాడటం అంటారేమో. బరువు చూసుకునే మిషన్ రెండు కేజీలు ఎక్కువ చూపించినా సరే, రోజూ దాని మీదే నిలబడితే ఒళ్లు పెరుగుతోందో తగ్గుతోందో తెలిసిపోతుంది కదా. ఇదీ అంతే. అదే ఫోన్, అదే ఇయర్‌ఫోన్, అదే గది, అదే వాల్యూమ్, నెలకోసారి పొద్దున్నే. ముందు రోజు డీజే పక్కన గంటలు గంటలు నిలబడి వచ్చి ఉంటే ఆ రోజు చేయకండి, పెద్ద శబ్దం విన్నాక చెవి కాసేపు మొద్దుబారుతుంది, ఒకటి రెండు రోజులాగి చేసుకోండి. 5 డెసిబెల్స్ అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు, ఆ మాత్రం తేడా క్లినిక్‌లోనూ వస్తుంది. ఒకే కూత దగ్గర వినికిడి 10 డెసిబెల్స్, ఆపైన తగ్గి, వేరే వేరే రోజుల్లో చేసినా అలాగే వస్తే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కూతలు అక్కర్లేని పరీక్ష ఇంకోటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో హియర్‌డబ్ల్యూహెచ్‌ఓ అని ఉచిత యాప్ తెచ్చింది. హోరు మధ్యలో మూడేసి అంకెలు చెప్తుంది, విన్నవి నొక్కాలి. గొంతూ హోరూ రెండూ అదే ఇయర్‌ఫోన్లోంచి వస్తాయి కాబట్టి నాసిరకం ఇయర్‌ఫోన్ వల్ల వచ్చే తేడా ఇందులో తక్కువ. నాకు ఇదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే వయసు మీద పడేవాళ్లు చెప్పే మాట 'వినపడట్లేదు' అని కాదు, 'వినపడుతోంది గానీ ఏమన్నారో తెలియట్లేదు' అని. సాధారణంగా ముందు పోయేవి సన్నటి కూతలు. స, శ, త లాంటి హల్లుల బలమంతా అక్కడే ఉంటుంది, అచ్చులు మాత్రం గట్టిగానే వినపడతాయి. అందుకే ఎవరైనా 'సరే' అంటే మనకి 'అరే' అన్నట్టుంటుంది, పైగా ఎందుకు గొణుగుతావని వాళ్లనే కసురుతాం.

ఇంకో మాట మీ వ్యాసంలో ఉండి తీరాల్సింది. ఒక చెవి ఉన్నట్టుండి, రాత్రికి రాత్రో రెండు మూడు రోజుల్లోనో తగ్గిపోతే యాప్‌తో కాలక్షేపం చేయకూడదు, వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోవాలి. అది గుబిలే కావచ్చు, కానీ నరానికి సంబంధించిందైతే స్టెరాయిడ్ మందులు తొలి రోజుల్లో మొదలుపెడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ, వారాలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. నా సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా, ఆ రాత్రి ఇయర్‌ఫోన్ మార్చి చూడాలని తోచకపోయుంటే 'వచ్చే నెల ఇంకోసారి చేద్దాంలే' అనుకునేవాణ్ణే. ఒక్క చెవిలోనే హోరు, కళ్లు తిరగడం, చీము కారడం ఉన్నా అంతే, స్కోరు ఎంత బాగా వచ్చినా డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. యాప్ ఎంత తగ్గిందో చెప్తుంది గానీ ఎందుకు తగ్గిందో చెప్పలేదు. క్లినిక్‌లో చెవి వెనక ఎముక మీద చిన్న వైబ్రేటర్ పెట్టి కూడా వినిపిస్తారు, లోపం నరంలోనా, లేక శబ్దం లోపలికి వెళ్లే దారిలోనా అన్నది దానితో తెలుస్తుంది. ఫోన్‌తో చేసే పరీక్షలో అది ఉండదు.

అన్నట్టు కొన్ని యాప్‌లు చెవి మిషన్లు అమ్మే కంపెనీలవే. పరీక్ష అవగానే 'మా వాళ్లతో మాట్లాడండి' అని వస్తే కాస్త ఆగి నొక్కండి.

ఆ గొడవ అయ్యాక నేను క్లినిక్‌కి వెళ్లి ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకున్నాను. నా యాప్ వాళ్ల అంకెల కంటే దాదాపు అన్ని చోట్లా ఓ 10 డెసిబెల్స్ ఎక్కువ చూపిస్తోందని తేలింది. ఆ కాగితం ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాను. ఇప్పుడు నెల మొదటి ఆదివారం పొద్దున్నే తలుపేసుకుని, ఫ్యాన్ ఆపి, ముందు ఇయర్‌ఫోన్ జాలీ వెలుతురులో పెట్టి చూసి, అప్పుడు మొదలుపెడతాను.

ఇట్లు,
మీ పాఠకుడు